అంగడికి బోర్డు పెట్టమన్న రామసుబ్బయ్య సార్

రామసుబ్బయ్య సార్ ఇక లేరు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ సోమవారం కడపలో బస్సెక్కి కర్నూలు డ్యూటీకి వస్తుంటే, నాతో చదువుకున్న షాహీన్ ఫోన్ చేసింది. "వేణీ, సార్ పోయినాడు మే. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడంట, అట్లే తల వాల్చేసినాడంట." రెండు రోజుల ముందే ఫోన్ చేసి, మా పత్రికలో ఒక వార్తకు నేను పెట్టిన శీర్షికను చీల్చి చెండాడిన మనిషి! పక్క సీటులో ఉన్న పెద్దావిడ "ఏమాయ పాపా?" అంటూ నీళ్ల సీసా అందించేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

ఆయనను ఎరుగని వారి కోసం కొంత చెప్పాలి. డోన్‌లో బట్టలంగడి నడిపిన వైశ్య కుటుంబంలో పుట్టారు. చాలా ఏళ్లు విలేకరిగా తిరిగి, తరువాత కర్నూలులో ఒక చిన్న జర్నలిజం కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆయన జీవితాంతం బోధించిన పాఠం ప్రధానంగా ఒక్కటే. డబ్బు పుచ్చుకొని వార్త వేషం కట్టించిన ప్రకటనను ఎలా గుర్తుపట్టాలి, అది మన బల్ల మీదికి వస్తే ఏం చేయాలి? మా వృత్తిలో ఈ పాఠం ఎంత కష్టమో బయటివారికి తెలియదు. మండల విలేకరికి జీతం ఉండదు, తెచ్చిన ప్రకటనల మీద కమీషన్ ఉంటుంది. పొద్దున ఎవరి మీద వార్త రాయాలో, సాయంత్రం వారి గడప ముందే ప్రకటన కోసం నిలబడాలి.

మొదటి రోజు తరగతికి సార్ ఒక చేతిలో జిల్లా ఎడిషన్లు, మరో చేతిలో బొట్టుబిళ్లల అట్టలు పట్టుకొని వచ్చారు. "డబ్బులిచ్చి రాయించుకున్నారని మీకు అనుమానం వచ్చిన ప్రతి వార్తకూ ఒక బొట్టు పెట్టండప్పా" అన్నారు. ఉచిత వైద్యశిబిరం వార్తను నేను వదిలేశాను. సేవ కదా అనుకున్నాను. సార్ నా భుజం మీదుగా చూసి, "ఏమ్మా కమలాపురం పిల్లా, సేవ చేసేటోళ్ల సెల్ నంబరు వార్తలో మూడుసార్లు ఎందుకుండాది?" అన్నారు. తరగతి అంతా గొల్లుమంది. నేను సిగ్గుతో రెండు బొట్లు అంటించాను.

ప్రకటనలంటే ఆయనకు ద్వేషం లేదు. అంగడి అరుగు మీద పెరిగిన మనిషికి ఎందుకుంటుంది? "అమ్మేది తప్పు గాదు. మా నాయన బతికిందే అమ్మి. అంగడని బోర్డు పెట్టకుండా, ఇల్లని నమ్మించి లోపలికి పిలిచి అమ్మేదే తప్పు" అనేవారు.

ఈ నిష్ఠ ఆయనకు పుస్తకాల వల్ల అబ్బలేదు. విలేకరిగా ఉన్న కాలంలో, ఓర్వకల్లు దగ్గర ఇళ్ల స్థలాలు వేసిన ఒక వ్యాపారి కోసం కమీషన్‌కు ఆశపడి "భవిష్యత్తు ఇక్కడే" అంటూ తన పేరుతోనే వార్త రాశారు. అది చదివి చేనేత పని చేసే దంపతులు ఉన్న రెండు మగ్గాలూ అమ్మి స్థలం కొన్నారు. ఆ స్థలం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఆ భార్య వార్త ముక్కను కొంగున కట్టుకొని డోన్‌కు వచ్చి, "నువ్వు రాసినావని కొన్యాము గదప్పా, యాడుండాది చూపీ" అని అడిగిందట. సార్ ప్రతి సంవత్సరం మొదటి పాఠంలో ఈ మాట తానే చెప్పుకొనేవారు.

మా రెండో ఏడాదిలో వేరొక స్థిరాస్తి వ్యాపారి కళాశాలకు వచ్చాడు. తన వెంచర్ మీద బాగా రాసిన విద్యార్థులకు బహుమతులిస్తానన్నాడు. సార్ కాదనలేదు. మా చేత ముచ్చటగా రాయించి, ప్రతి వ్యాసం నెత్తిన "ఈ వ్యాపారి బహుమతి ఇస్తానంటే రాసినది" అని లావుపాటి అక్షరాలతో వేయించారు. ఆ పెద్దమనిషి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఏంది సారూ ఇది, పరువు తీస్తాండావు" అన్నాడు. "ఉన్న మాటే గదప్పా. సిగ్గయితే మానుకో" అన్నారు సార్ నింపాదిగా. అతడు మళ్లీ కళాశాల మెట్లెక్కలేదు.

మమ్మల్ని వీరులు కమ్మని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. "ఉద్యోగం వదిలి రమ్మని నేను చెప్పను తల్లీ. అందరి ఇంట్లోనూ పొయ్యి వెలగల్ల. కానీ రాసినాక అది వార్తేనని నీకు నువ్వు చెప్పుకోవాకు" అనేవారు. ఆ రోజుల్లో ఈ మాట ఊరటగా ఉండేది. ఇప్పుడు గుచ్చుకుంటోంది.

ఎందుకంటే, సార్ పోయిన మూడో రోజున మా ప్రకటనల ఇన్‌చార్జి నన్ను పిలిచాడు. ఆ వ్యాపారే, అవును, ఆ మెట్లు దిగిపోయినవాడే, సార్ సంస్మరణకు పూర్తి పేజీకి డబ్బు ఇస్తానన్నాడట. "షరతు ఒకటే మేడం. పైన ప్రకటన అని ఉండకూడదు. మీరు రాసినట్టుండల్ల. ఆయప్ప సార్‌కు ఆప్తమిత్రుడని ఒక మాట, పక్కన ఫోటో. మీ టార్గెట్ గూడా తీరిపోతాది గదా" అన్నాడు. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. నేను తేవలసిన ప్రకటనల టార్గెట్ రెండు నెలలుగా మిగిలిపోయి ఉంది. అంతకు ముందు రోజే సార్ భార్య రత్నమ్మగారు, "పేపర్లో పెద్దగా వెయ్యి పాపా, మావోళ్లంతా చూస్తారు" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పేజీ వద్దంటే ఆయనకు దక్కేది ఒక మూల నాలుగు లైన్లు. ఎటు తిరిగినా గోడే. రాశాను. సార్ నేర్పిన శైలిలోనే, నా పేరు పెట్టి, "ఆప్తమిత్రుడు" అని నా చేతులతోనే రాశాను.

అచ్చయిన రోజు పొద్దున రత్నమ్మగారు ఫోన్ చేశారు. "శానా బాగుండాది పాపా, వచ్చినోళ్లందరికీ చూపిస్తాండా. అవునూ, పక్కన ఫోటోలో ఆయప్ప ఎవురు? అంత స్నేహితుడంటివే, మా ఇంటికెప్పుడూ రాలేదే?"

"అవునమ్మా, శానా స్నేహం" అన్నాను.

"అట్లయితే పదకొండో దినానికి పిలుస్తా. నంబరియ్యి" అన్నారు. ఇచ్చాను.

వచ్చాడు. వెంట ఫోటోలు తీసే మనిషిని కూడా తెచ్చుకున్నాడు. రత్నమ్మగారు లోపలికి వెళ్లి సార్ చేతి గడియారం తెచ్చి, "మీరు ఉంచుకోండప్పా, ఆయన గుర్తుగా" అంటూ అతని చేతిలో పెట్టి భోరున ఏడ్చారు. అతడు కళ్లు ఒత్తుకున్నాడు, ఫోటో తీయించుకున్నాడు. నేను విస్తరాకులు పట్టుకొని రెండడుగుల దూరంలో ఉన్నాను. ఛీ, నా బతుకు! ఆ ఆకులే వరుసగా వేసుకుంటూ పోయాను.

గురువర్యా, మీ స్థానం పూరించగల వారు ఈ సీమలో లేరు. నేను ఆ మనిషిని కానని ఇప్పుడు తేలిపోయింది. పూర్వ విద్యార్థులు వేస్తున్న ఈ చిన్న సంచికను మా ఆఫీసులో చదివితే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తెలిసినది ఒక్కటే, అది రత్నమ్మగారికి ఎవరైనా చదివి వినిపించండి.

అమ్మా, అతడు సార్‌కు స్నేహితుడు కాడు. ఆ మాట డబ్బిచ్చి రాయించుకున్నాడు. రాసింది నేను. గడియారం వెనక్కి అడగండి.