చెయ్యెత్తు పిన్ని వేసిన మార్కులు

మా విశ్వవిద్యాలయం వెనక గేటుకి ఎదురుగా, బస్టాపును ఆనుకుని పదడుగుల కుట్టు దుకాణం ఉంది. దాని యజమానురాలిని మా విద్యార్థులంతా చెయ్యెత్తు పిన్ని అంటారు. ఏం కుట్టినా, ఎవరికి కుట్టినా, తొడిగించి అద్దం ముందు నిలబెట్టి, "చెయ్యెత్తు. వంగు. కూర్చో" అంటుంది. ఆ తర్వాతే 'అయింది' అని చీటీ రాస్తుంది. ఏడో తరగతితో బడి మానేసి మేనమామ దగ్గర పనికి కుదిరిందట. ఆయన మంచీ చెడూ చెప్పే రకం కాదు. కుట్టు నచ్చకపోతే విప్పి ఒళ్లో పడేసేవాడు. ఇప్పుడు సొంత దుకాణం పెట్టి ఇరవై రెండేళ్లు.

నేను వ్యాపార విభాగంలో గుమాస్తాని. మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. కొత్త పద్ధతులంటే నాకు ఒళ్లు మంట. కిందటేడు చేరిన మేడం చిన్న వ్యాపారాల సబ్జెక్టుకి రాత పరీక్షే ఎత్తేసింది. నలుగురేసి పిల్లలు ఒక దుకాణంలో పన్నెండు వారాలు ఉండాలి. అది మెరుగయ్యే ఉపాయం ఒకటి కనిపెట్టి, అక్కడే అమలు చేసి చూపించాలి. వంద మార్కులూ యజమానే వేస్తారు. బాగానే ఉంది సంబడం అనుకున్నాను. అనుకున్నంతా అయింది. స్టేషనరీ కొట్టాయన తన నలుగురికీ తలా తొంభై ఐదు వేశాడు. బేకరీ ఆవిడ, పిల్లలు బుద్ధిమంతులని ఏకంగా వంద వేసింది. చెయ్యెత్తు పిన్ని కాగితం మాత్రం ఖాళీగా వచ్చింది.

పిన్ని దగ్గర పనిచేసిన నలుగురిలో ఒక పొడుగమ్మాయి ఉంది. ఒక కంపెనీ ఆ అమ్మాయికి ఉద్యోగం ఇస్తానంది. ఈ సబ్జెక్టులో అరవైకి తగ్గకూడదని షరతు. శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే కంప్యూటరు మార్కులు తీసుకోదు. బుధవారం మధ్యాహ్నం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని, కాగితం పట్టుకుని నేనే దుకాణానికి వెళ్లాను.

"ఏదో ఒక అంకె వేసెయ్యి చెల్లెమ్మా, నా ప్రాణం తియ్యక."

"పని అవలేదుగా అన్నయ్యా. అవని పనికి చీటీ ఎలా రాయను?"

విషయం ఏమిటంటే, పిల్లలు చెప్పిన ఉపాయం ట్రయల్ ఎత్తెయ్యడం. కొలతలు సరిగ్గా తీసుకుంటే మళ్లీ తొడిగి చూడడం దేనికన్నారు. పిన్ని సరేనని నెల రోజులు అలాగే కుట్టింది. పని చకచకా అయిన మాట నిజమే. నూటికి మూడే తిరిగొచ్చాయని పిల్లలు నివేదికలో గొప్పగా రాసుకున్నారు కూడా.

"మూడే అని రాశారు. అందులో ఒకటి పక్క వీధి ఆస్పత్రి నర్సుది. సెలైన్ సీసా తగిలించడానికి ఆవిడ చెయ్యి లేవట్లేదు" అంటూ పిన్ని ఆ యూనిఫాం తెచ్చి పొడుగమ్మాయి ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయింది. కత్తెర అందుకుని యూనిఫాం చేతుల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు నలుగురూ ఆస్పత్రికి వెళ్లి, ఆ నర్సు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చేతులెత్తుతుందో చూసొచ్చారు. ఉపాయం మార్చుకున్నారు. అంచులు మడిచే చిల్లర పనులకి ట్రయల్ అక్కర్లేదు, ఒళ్లొంచి పనిచేసేవాళ్ల బట్టలకి మాత్రం తప్పదు. విప్పిన చేతులు పిల్లలే మళ్లీ కుట్టారు. శుక్రవారం నాలుగింటికి నర్సు వచ్చి తొడుక్కుంది.

"చెయ్యెత్తమ్మా" అంది పిన్ని.

చెయ్యి సగం దాకా సాఫీగా లేచింది. ఒక్క క్షణం ఆగి, మిగతా సగం లేచింది.

"ముందుకంటే చాలా నయం. చంక కింద ఇంకా కాస్త పట్టేస్తోంది" అంది నర్సు.

పిన్ని కాగితం తీసుకుని నలుగురికీ యాభై ఎనిమిది వేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "రెండు మార్కుల దగ్గర పిల్ల ఉద్యోగం పోగొడతావా? ఇంకో రెండు కలిపితే ఎవరు చూడొచ్చారు?"

"ఆవిడ చెప్పింది నువ్వూ విన్నావుగా అన్నయ్యా" అంది. అని మిషను వైపు తిరిగి సూదిలోకి దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది. నేను చూడనట్టు బయటికొచ్చేశాను. ఐదుకి పది నిమిషాల ముందు యాభై ఎనిమిది ఎక్కించాను. ఉద్యోగం పోయింది.

సోమవారం పొడుగమ్మాయి నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కిటికీలో అందరూ అడిగేది ఒకటే, నాకిన్నే ఎందుకొచ్చాయని. నాకు తెలియదు. దిద్దినవాళ్లకీ చాలాసార్లు గుర్తుండదు. అడక్కముందే పునఃపరిశీలన ఫారం ముందుకి తోశాను.

"పెట్టుకోమ్మా. రెండే కదా, రావచ్చు."

"ఏమని రాయను సార్? ఆ రెండూ ఎక్కడ పోయాయో తెలుసుగా. మార్కుల జాబితా నకలు ఇవ్వండి, చాలు."

నకలు మడిచి సంచీలో పెట్టుకుంటూ గడియారం చూసింది.

"ఎక్కడికమ్మా అంత తొందర?"

"పిన్ని దగ్గరికి సార్. నర్సక్కని నాలుగింటికి రమ్మన్నాం. డ్యూటీకి వెళ్లేలోపు ఆ చంక సరిచేసి ఇవ్వాలి" అని వెళ్లిపోయింది.