సుందరం పెట్టె మీద పడిన గెల

నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు అన్నం పెట్టే పొయ్యి మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కల్పించింది కాదు. దెయ్యమొస్తే ఇడ్లీ పిండి రుబ్బిపెడుతుందా అని అడిగే మనిషిని నేను. అలాంటి నాకే జరిగింది.

రాజోలు దాటాక హైవే పక్కన మా ఊరు. సెంటర్లో టిఫిన్ హోటలు నాదే. కరుణ నా దగ్గర పని చేస్తుంది. వాళ్ళాయన సుందరం కొబ్బరి దింపు పని చేసేవాడు. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కి గెలలు కోసేసేవాడు. తర్వాత మస్కట్ వెళ్ళి ఏదో గోడౌన్లో చేరాడు. నిరుడు వానాకాలంలో పోయాడని ఫోన్ వచ్చింది. ఎలా పోయాడో సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. కాగితాలు తేలేసరికి శవం ఎన్నాళ్ళో ఐసులో ఉండిపోయింది.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. గల్ఫ్ నుంచి శవం పెట్టె వస్తోందంటే, అది చేరేదాకా హైవే మీద ఏ కొట్టువాడూ లైటు ఆర్పడు. డ్రైవరుకి మలుపు తెలియాలి కదా. ఆ రాత్రీ అంతే. అందరం రోడ్డు మీదే నిలబడ్డాం. హైదరాబాదు నుంచి అంబులెన్సు వచ్చింది. "పెట్టె తెరవకండి. చూసేలా లేదు," అన్నాడు డ్రైవరు దిగుతూనే.

కరుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్కసారి చూపించమను అక్కా. ఆయనో కాదో నాకు తెలియద్దా?"

సుందరం అన్న దావీదు ఒప్పుకోలేదు. మంచివాడే కానీ వట్టి మొండి. "కాగితాల మీద పేరుందమ్మా. పొద్దున్నే మట్టి చేసేద్దాం. చూసేవంటే జన్మంతా నిద్దర పట్టదు నీకు," అన్నాడు. పాస్టరు గారు కూడా "ఆయ్, అదే మంచిదండీ," అన్నారు. నాకు తిక్క రేగింది. పెళ్ళాం చూడకుండా మట్టేమిటని గట్టిగానే అడిగాను. ఎవరూ వినిపించుకోలేదు.

పెట్టెను కరుణ వాళ్ళ వాకిట్లో కొబ్బరిచెట్టు కింద బల్లల మీద పెట్టారు. నిండా గెలలున్న చెట్టు. వేరే ఊరివాళ్ళయితే జడిసేవాళ్ళేమో. మాకు ఆ పట్టింపు లేదు. కొబ్బరికాయకు కళ్ళుంటాయి, మనిషి నెత్తిన పడదని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం.

పాటలు పాడి పాడి గొంతులు పోయాయి. ఒక్కొక్కరే అరుగుల మీద వాలిపోయారు. దావీదు కుర్చీలోనే గురక పెడుతున్నాడు. పెట్టె దగ్గర నేనూ కరుణా మిగిలాం. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్క.

అప్పుడు వినపడింది...

జర్రు...

ఆగింది. మళ్ళీ... జర్రు...

మాను మీద తాడు రాసుకునే చప్పుడు. కోనసీమలో పుట్టినవాళ్ళకు అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరో చెట్టెక్కుతున్నారు. చెట్టు నా వెనకే ఉంది... చప్పుడు మొదట నా నడుము ఎత్తున. తర్వాత తల ఎత్తున. తర్వాత ఇంకా పైకి... తల తిప్పి చూడాలి. నా వల్ల కాలేదు. కరుణ వైపు చూశాను. ఆమె కళ్ళు చెట్టు వెంబడే పైకి వెళ్తున్నాయి. నెమ్మదిగా... ఇంకా పైకి...

పైన మట్టలు గరగరమన్నాయి. ఠక్. కత్తి దెబ్బ. ఠక్...

"కింద ఎవరండోయ్... తప్పుకోండోయ్..."

సుందరం గొంతు. చివర్న అలా సాగదీసేది అతనొక్కడే. మా పెరట్లో ఎన్నిసార్లు విన్నానో!

కరుణ నా రెక్క పట్టి లాగేసింది. ఇద్దరం మట్టిలో పడ్డాం. ధబ్... గెల గెలంతా వచ్చి పెట్టె మీద పడింది. మూత ఫెళ్ళున చీలింది.

అందరూ లేచి పరుగెత్తుకొచ్చారు. దావీదు టార్చి పైకి కొట్టాడు. చెట్టు మీద ఎవరూ లేరు. "తొడిమ కుళ్ళి ఉంటదండీ," అన్నాడు. కుళ్ళితే ఒక్కో కాయా రాలుతుంది కానీ గెలంతా ఊడిపడుతుందా? నేను దాని మొదలు పట్టుకుని చూశాను. తడిగా ఉంది. నరికినట్టే ఉంది.

కరుణ ఇవేవీ వినడం లేదు. చీలిన పలకను పక్కకు లాగేసింది. ఈసారి ఎవరూ ఆపలేదు. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఆమె కాళ్ళ వైపు వెళ్ళి గుడ్డ తప్పించింది. చెట్లెక్కేవాళ్ళకు తాడు ఒరిపిడికి మడమల పైన చర్మం నల్లగా మొద్దుబారిపోతుంది. అక్కడ వేళ్ళు పెట్టి నిమిరింది. మళ్ళీ నిమిరింది. టార్చి వెలుగులో నేనూ చూశాను... నున్నగా ఉంది.

"తమ్ముడేనామ్మా?" అన్నాడు దావీదు.

కరుణ ఆ కాళ్ళ మీద గుడ్డ సర్దింది. "ఆయనేనండీ బావగారూ. కప్పేయండి," అంది.

పొద్దున్న మట్టి వేసేటప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు చూసి ఊరంతా ఏడ్చింది. నేను మాత్రం ఆమెను పక్కకు తీసుకెళ్ళి, ఎందుకలా చెప్పావే అని అడిగాను.

"కాదంటే మళ్ళీ పెట్టెలో పెట్టి పంపేస్తారు కదక్కా. ఎక్కడికని పంపుతారు? ఎవరి కొడుకో, పాపం. ఇంత దూరం వచ్చేడు."

ఇక నా బుర్ర పనిచేయడం లేదు. దింపు మానేస్తే ఆ మచ్చలు పోతాయని కొందరంటారు. చచ్చినా పోవని కొందరంటారు. పెట్టెలో ఉన్నది సుందరమే అయితే కరుణ చేతులు పొరబడ్డాయి. కాకపోతే అతను ఎక్కడో బతికే ఉండాలి... మరి బతికున్నవాడు ఆ రాత్రి మా ఊళ్ళో చెట్టెలా ఎక్కాడు? మస్కట్‌లో ఎవరినడిగినా ఆ ఫైలు ముగిసిపోయిందంటున్నారు.

కరుణ మెళ్ళో సూత్రం తీయలేదు. ఊరు ఏదో అంటుంది, అననీ. మొన్న గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయింది.

"అక్కా, నువ్వూ విన్నావు కదా. ఆ గొంతు... బతికున్న మనిషి గొంతులా ఉందా, పోయిన మనిషి గొంతులా ఉందా?"

నేను కడిగిన గిన్నెలు తీసి బోర్లించడం మొదలెట్టాను. ఆమె ఇంకా నా ముఖం వైపే చూస్తోంది...