కొండ ఉరమని రోజు

కలోజెరో మేస్త్రీ చేతికి గడియారం ఉండేది కాదు. నీళ్ళు చొరకుండా పడవ పలకల సందుల్లో జనపనార కుక్కుతూ కూర్చున్నప్పుడు, కొండ ఒకసారి ఉరిమి మళ్ళీ ఉరిమేలోపు ఆయన చేతికింద బారన్నర సందు నిండేది. ఆరు బారలు నిండితే గంట దాటినట్టు. అప్పుడు లేచి నడుం సాగదీసి, ఒక గుక్క నీళ్ళు తాగి మళ్ళీ కూర్చునేవాడు.

మా స్త్రోంబోలి దీవంతా కలిపి ఒకటే కొండ. దాన్ని ఇక్కడ ఎవరూ పేరుపెట్టి పిలవరు. పెద్దాయన అంటారు. పావుగంటకో ఇరవై నిమిషాలకో పెద్దాయన నోరు తెరుస్తాడు. ఒక ఉరుము, కాస్త పొగ, ఆ తర్వాత వాయవ్యపు వాలు మీదుగా ఎర్రటి రాళ్ళు దొర్లుకుంటూ పోయి సముద్రంలో పడతాయి. ఊరు కొండకి ఇటు పక్కన ఉంది కాబట్టి మాకు రాళ్ళ బెడద లేదు. ఉరుము మాత్రం వినిపిస్తుంది.

నేను మిలాజ్జో రేవు నుంచి ఒక డీజిల్ ఇంజను బాగుచేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. పని నాకెవరూ నేర్పలేదు. విప్పాను, బిగించాను, చేతిలో మిగిలిపోయిన మరలు చూసి తప్పెక్కడో తెలుసుకున్నాను. మేస్త్రీ షెడ్డులో ఒక మూల నాకిచ్చాడు. అద్దె అడగలేదు గానీ ఒక షరతు పెట్టాడు. చేతిలో పనిముట్టు ఉన్నప్పుడు మాట్లాడకూడదు. ఆయన అలాగే బతికాడు. తొమ్మిదో ఏటి నుంచి ఇసుక మీద పడవలు లాగాడు, పద్నాలుగో ఏట ఉలి పట్టాడు, ముప్పై దాటాక పడవ నడిపే సారంగు లైసెన్సు సంపాదించాడు. దీవి విడిచి వెళ్ళింది రెండుసార్లే. ఒకసారి సైన్యంలోకి, ఒకసారి పక్క దీవి లిపారిలో పన్ను పీకించుకోవడానికి. రెండోదే ఎక్కువ బాధపెట్టిందని చెప్పేవాడు.

నేను చెప్పబోయేది అరవైల చివర్లో, ఒక జూన్ నెల సంగతి.

ఆయన చెల్లెలి కొడుకు బార్తొలో బెల్జియం గనుల్లో నాలుగేళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచి వాడికి ఒకటే ధ్యాస. బయటి ఊళ్ళ నుంచి జనాన్ని రప్పించి, కొండకి అవతల వాలు అంచున ఉన్న నల్ల ఇసుక తీరానికి పడవలో తీసుకెళ్ళి, సాయంత్రానికి తిరిగి స్టీమరు ఎక్కించాలని. పడవ మేస్త్రీది, దానిలో కొత్త ఇంజను బార్తొలోది. ఆ మొదటి యాత్రకి ముందురోజు షెడ్డులో పడవ కుడిపక్క సందులకి మేస్త్రీ నార కొడుతున్నాడు. బార్తొలో బోర్లించిన పీపా మీద కాగితం పరిచి పెన్సిలు నములుతున్నాడు.

"ఇరవై రెండు మంది మావయ్యా. అందరూ రిటైరైన రైల్వేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. తొమ్మిదికి స్టీమరు దిగుతారు, పదిన్నరకల్లా ఇసుక మీద ఉంటారు."

"మోకాళ్ళు ఉన్నాయా వాళ్ళకి?" అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా.

"నలభై నాలుగు ఉన్నాయి."

"పనిచేసేవి అడిగాను."

రొట్టెలు చేసే వెనేరా లెక్క తేల్చుకోవడానికి అప్పుడే వచ్చింది. నోటికి, నడుముకి విశ్రాంతి ఇవ్వని మనిషి. "ఇరవై రెండు రొట్టెలు, టమాటాలు, ఉప్పులో ఊరేసిన కేపరు మొగ్గలు ఇస్తాను. వైను నా వల్ల కాదు. రైలువాళ్ళు తాగితే ఆగరని విన్నాను" అంది.

"స్టేషనొస్తే ఆగుతార్లే అక్కా" అన్నాడు బార్తొలో.

వాళ్ళు నవ్వుకుంటూ ఉండగా మేస్త్రీ కొయ్య సుత్తి ఆగింది. ఆయన వెనక్కి జరిగి, పొద్దున్నించి తను నింపిన సందుని పడవ వెనక నుంచి ముందు దాకా చూశాడు.

"ఇవాళ పెద్దాయన మాట్లాడాడా?" అని అడిగాడు.

"ఎందుకు మాట్లాడడు? పొద్దుట్నుంచీ వాగుతూనే ఉన్నాడుగా" అన్నాడు బార్తొలో, కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా.

"నువ్వు విన్నావా వెనేరా?"

"వినకేం మేస్త్రీ. పిండి పిసుకుతున్నప్పుడు కూడా విన్నాను."

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఇంజను కింద వెల్లకిలా పడుకుని ఒక సన్నటి రంధ్రంలో సూది తిప్పుతున్నాను. "తూరీ, నువ్వు?"

"ఆఁ, ఇందాకేగా" అన్నాను.

"ఏడు బారలు కొట్టాను. నాకు ఒక్కసారి కూడా వినపడలేదు" అన్నాడు మేస్త్రీ.

బార్తొలో పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు. "డెబ్బై ఒకటి నిండాయి మావయ్యా. పోయింది పెద్దాయన గొంతు కాదు, నీ చెవి." వెనేరా నవ్వింది. నేనూ ఇంజను కింద నుంచే నవ్వాను.

మేస్త్రీ నవ్వలేదు. ఆయన అడిగింది ఊసుపోక కాదని మా అందరికీ తెలుసు. ఆ తీరానికి వెనక నిట్టనిలువు రాతి గోడ. కాలిబాట లేదు. వెళ్ళినా, తిరిగొచ్చినా పడవ మీదే. పెద్దాయన మామూలుగా ఉరుముతుంటే రాళ్ళు తమ దారిన తాము పోయి వాలు మధ్యలో పడతాయి. చాలాసేపు గొంతు పెగలకపోతే లోపల ఏదో అడ్డం పడిందని, అది ఎప్పుడు ఎటు తన్నుకొస్తుందో తెలియదని ముసలివాళ్ళు ఆ పక్కకి పడవ తిప్పేవాళ్ళు కాదు.

ఆయన సుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ముగ్గురు విన్నామన్నారు, తనొక్కడే వినలేదు.

"చెవేనేమోలే" అన్నాడు చివరికి. "రేపు తీసుకెళ్తాను. మాటిచ్చాం కదా. దాంతో సరి. తర్వాత లైసెన్సు ఇచ్చేస్తాను. వినపడనివాణ్ణి నమ్ముకుని ఎవరూ పడవలో కూర్చోకూడదు."

ఎవరం కాదనలేదు. ఆయన మిగిలిన సందుకి తారు పూసి, సుత్తి కడిగి, ఎప్పుడూ లేనిది దాన్ని ఇంటికి తీసుకుపోయాడు.

సాయంత్రం నేను పొయ్యి ముందు కూర్చుని బీన్సు ఉడుకుతుంటే చూస్తున్నాను. ఇందాకేగా అని మేస్త్రీతో అన్నాను కదా, ఆ ఇందాక ఎప్పుడు? సూది పెట్టకముందా? అప్పుడు ఇంజను మోగుతోంది, విని ఉండను. పొద్దున షెడ్డు తలుపు తీస్తుంటేనా? అది నిన్న. ఎంత వెతికినా ఆ రోజు ఉరుము నాకు ఒక్కటీ దొరకలేదు. కుండ దించేసి వెనేరా ఇంటికి వెళ్ళాను.

"పిండి పిసుకుతుంటే విన్నానన్నావు. ఏ పిండి?"

"ఏ పిండేమిటి, రొట్టె పిండి."

"ఇవాళ్టిదా?"

ఆమె చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. "ఇవాళ... గిన్నె గడప మీద పెట్టాను. పెద్దాయన ఉరిమాడు, పిల్లి అదిరి గిన్నెలో కాలు పెట్టింది." అక్కడితో ఆగి, నెమ్మదిగా అంది. "పిల్లి కాలు పెట్టింది మొన్న, తూరీ."

ఇద్దరం గడప మీద కూర్చున్నాం. నా దగ్గర గడియారం ఉంది. గంటా పది నిమిషాలు చూశాం. గోడ మీద బల్లి కదిలినా వినపడేంత నిశ్శబ్దం. ఇంకెవరైనా విన్నారా అని ఆమె దారిన పోయే నలుగుర్ని అడిగింది. నలుగురూ ఆగకుండానే "ఆఁ, విన్నాం" అన్నారు. పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్ని విన్నావా అని అడిగితే ఈ దీవిలో ఇంకో జవాబు రాదు. ఇల్లుందా అని అడిగితే వెనక్కి తిరిగి చూసుకుని ఎవరు చెబుతారు?

వెంటనే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాల్సింది. సిగ్గేసింది. పొద్దున చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈ రోజుకీ నా మీద నాకు కోపమే.

తెల్లవారి వెళ్ళేసరికి ఆయన పడవని షెడ్డులోంచి సగం దూరం దించేశాడు. దుంగలకి కొవ్వు రాస్తున్నాడు. సముద్రం నూనె పోసినట్టు ఉంది. కొండ మీద పొగ కూడా లేదు.

"మేస్త్రీ, నిన్న నేను వినలేదు. వెనేరా కూడా వినలేదు. సాయంత్రం గంటకి పైగా కూర్చున్నాం. ఏమీ లేదు."

ఆయన చెయ్యి కొవ్వు డబ్బాలోనే ఉండిపోయింది.

"ఇంజను గురించి అడిగినా ఇలాగే చెబుతావా?"

"చెప్పను."

"మరి?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. చెయ్యి తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళి, నార పీకే కొక్కెం తెచ్చి పడవ పక్కన కూర్చున్నాడు.

తొమ్మిదికి స్టీమరు వచ్చింది. స్టీమరువాళ్ళ చిన్న పడవల్లో రైలువాళ్ళు ఇసుక మీద దిగారు. తెల్ల టోపీలు, గొడుగులు, చెప్పుల్లో నల్ల ఇసుక దూరితే ఆడవాళ్ళ కేకలు. బార్తొలో వాళ్ళని వరసలో నిలబెడుతున్నాడు. మేస్త్రీ వాణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఇవాళ వద్దు. ఊళ్ళోనే తిప్పు. పెద్దాయన రెండో రోజు కూడా నోరు మూసుకున్నాడు."

"నిన్న ముగ్గురం చెప్పాం."

"ఇద్దరు మాట మార్చుకున్నారు. నువ్వు ఒట్టేసి చెప్పు, విన్నావా?"

బార్తొలో నా వైపు కొరకొరా చూశాడు. "వినడం మానేసి బతకడం నేర్చుకున్నాను మావయ్యా. గనిలో పైకప్పు ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. విన్నవాడు బొగ్గు తవ్వడు. నువ్వు రాకపోతే పోనీ, నేనే నడుపుతాను. లైసెన్సు ఎవడు అడుగుతాడిక్కడ?"

ఊళ్ళో మిగతా పడవలన్నీ చేపల వేటకి పోయాయి. ఒడ్డున ఉన్నది ఇదొక్కటే. వాడు అన్నంత పనీ చేసే మనిషి.

మేస్త్రీ వంగి, ముందురోజు తను కొట్టిన సందుల్లో అన్నిటికన్నా కిందిదానిలో, నీటికి దిగువన ఉండేదానిలో కొక్కెం దించి లాగాడు. తారు పగిలి నార బయటికొచ్చింది. జానెడు, మూరెడు, బారెడు. పేగులు తీసినట్టు లాగి ఇసుక మీద వేశాడు. పలకల మధ్య నుంచి పడవ లోపలి చీకటి కనిపించింది. ఆయన పనిలో ఒక్క చుక్క కారిందని ఎవరూ అనగా నేను వినలేదు. అయినా లాగుతూనే ఉన్నాడు.

"పిచ్చెక్కిందా నీకు!" బార్తొలో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి రెండు బారల పొడుగు ఖాళీ అయింది. "నలుగురిలో నా పరువు తీశావు కదరా ముసలోడా!"

"తీశాను. ఇప్పుడు నడుపు" అన్నాడు మేస్త్రీ.

రైలువాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒక పెద్దావిడ, "ఇంత దూరం వచ్చింది ఈ ఇంటి గొడవ చూడ్డానికా?" అంది. వెనేరా ఆవిడ చెయ్యి పట్టుకుని, "రొట్టె వేడిగా ఉంది తల్లీ, గొడవ చల్లారాక కూడా చూడొచ్చు" అని నడిపించుకుపోయింది. ఇరవై రెండు మందీ చర్చి ముందు మెట్ల మీద కూర్చుని తిన్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. ఏమీ కాలేదు. బార్తొలో ఒడ్డున ఒంటరిగా తిరుగుతూ, దారిలో కనపడిన వాళ్ళందరికీ మేనమామకి మతి పోయిందని చెప్పాడు. రెండింటికి నాక్కూడా అనుమానం వచ్చింది. మేస్త్రీ షెడ్డు గడప మీద కూర్చుని రెండు అరచేతులూ నేలకి ఆనించి ఉన్నాడు.

రెండూ నలభైకి వచ్చింది. అది మేం ఎరిగిన ఉరుము కాదు. చర్చి కిటికీ అద్దాలు ముందు రాలాయి, చప్పుడు తర్వాత వచ్చింది. కొండ నెత్తి మీద బూడిద నిలువుగా లేచి సూర్యుణ్ణి కప్పేసింది. సముద్రం ఒడ్డు వదిలి వెనక్కి వెళ్ళి, తిరిగొచ్చి షెడ్డు తలుపులు తన్నింది. అందరం చర్చిలోకి పరిగెత్తాం. మోకాళ్ళు లేనివాళ్ళు మాకన్నా ముందున్నారు. సాయంత్రం దాకా కప్పు మీద గులకరాళ్ళు పడుతూనే ఉన్నాయి. ఊళ్ళో ఎవరూ చావలేదు.

మూడోరోజు జాలరులు అటు చుట్టి వచ్చి చెప్పారు. నల్ల ఇసుక తీరం లేదట. రాతి గోడ అడుగు దాకా బండలు పేరుకుని, నీళ్ళు తగిలిన చోటల్లా ఇంకా పొగలు కక్కుతున్నాయట. బార్తొలో వారం తర్వాత ఒక మోపు కొత్త నార తెచ్చి షెడ్డులో పడేసి, పలకరించకుండా వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరుకి మేస్త్రీ నన్ను తోడు తీసుకుని లిపారి వెళ్ళాడు. ముందు డాక్టరు దగ్గరికి. కుడి చెవి పూర్తిగా పోయిందని, ఎడమది సగం ఉందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇన్నాళ్ళూ ఆయన ఉరుము విన్నది చాలావరకు చెవితో కాదు, పలక మీద ఆనిన చేత్తో. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకీ తెలియదు.

అక్కణ్ణుంచి రేవు కచేరీకి వెళ్ళి లైసెన్సు బల్ల మీద పెట్టాడు. గుమాస్తా కథ వినే ఉన్నాడు. "అంతమందిని కాపాడినవారు, మీరెందుకిస్తారు మేస్త్రీ? ఉంచుకోండి" అన్నాడు.

మేస్త్రీకి సరిగ్గా వినపడలేదు. నేను గట్టిగా చెప్పాను.

"ఆ రోజు ముగ్గుర్ని అడగాల్సొచ్చింది" అన్నాడాయన. "సముద్రం మీద ఎవర్నడగను?"

గుమాస్తా లైసెన్సు మీద రద్దు ముద్ర వేశాడు. బయటికొచ్చాక, స్టీమరుకి ఇంకా గంట టైముంది కాబట్టి రాగి మేకులు కొనాలని మేస్త్రీ బజారు వైపు నడిచాడు. నేను ఆయన ఎడమ పక్కకి మారి నడిచాను.