ఒడిబియ్యంలో మా వదిన పెట్టిన గోలీలు

మొన్న తెల్లవారుజామున చేవెళ్ల నుంచి అన్న ఫోన్ చేసి, "మీ వదిన పోయిందిరా" అన్నాడు. గుండె ఆగిందట. మా వదిన సువర్ణమ్మ ఇక లేదన్న మాట ఇంకా నా తలకెక్కడం లేదు.

వదినకు పుట్టింది ఒక్క బిడ్డే. వెన్ను మూసుకోకుండా పుట్టి, మూడో రోజునే కన్నుమూసింది. మా ఇళ్లలో మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టరు, దిష్టి తగులుతుందని. వదినా అలాగే దాచింది. నాలుగో నెలలో దవాఖానకు వెళ్లి ఫోలిక్ యాసిడ్ గోలీలు తెచ్చుకుంది. ముందే వేసుకుంటే ముప్పు చాలా తగ్గేదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ తర్వాత వదినకు మళ్లీ కడుపు పండలేదు.

లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఒకనాడు వదిన నన్ను కూర్చోబెట్టి ఆ డాక్టరమ్మ మాటలకు లెక్క కట్టమంది. గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే శిశువు వెన్ను మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం గడిచిపోతుంది. కాబట్టి గోలీ గర్భం నిలవడానికి కనీసం నెల ముందే మొదలుపెట్టి, మొదటి మూడు నెలలూ ఆపకూడదు.

"అంటే నేను దాస్తున్నప్పుడే అంతా అయిపోయిందన్నట్టు" అంది వదిన.

అప్పటినుంచి మా వాళ్లలో ఏ ఆడపిల్లను అత్తారింటికి సాగనంపుతూ ఒడిబియ్యం పోసినా పసుపుకొమ్ముల పక్కన గోలీల షీటు పెట్టేది. పిల్లలు 'గోలీల పెద్దమ్మ' అని ఆటపట్టించేవారు. గోలీతో అన్నీ బాగవుతాయని మాత్రం ఎన్నడూ అనలేదు. "భయం తగ్గుతది, అంతే. నా బిడ్డ అసొంటి బిడ్డ పుట్టినోళ్లయితే డాక్టర్ని అడగాలె, వాళ్ల మోతాదు వేరే" అనేది.

నా కూతురు స్వప్నను మొయినాబాద్‌కు ఇచ్చాం. ఒడిబియ్యం నాడు వియ్యపురాలు ఆ షీటు తీసి పక్కన పెట్టింది.

"ఇదేంది వదినా, పిల్లతోటి మా ఇంటికి రోగం గూడ పంపుతున్నరా?"

నాలుగు రోజులాగి వదినే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లింది. బయటివాళ్లకెన్నడూ చెప్పని తన బిడ్డ సంగతి ఆమె ముందు విప్పింది. "కడుపైందని ఎర్కయినంక ఏసుకుంటే ఆల్శమైతది వదినా. మీ ఇంట్ల నా తీరు కావద్దు" అందట. ఆనాటి నుంచి కోడలికి గోలీ చేతికందించింది ఆ అత్తగారే.

ఇప్పుడు స్వప్నకు ఐదో నెల. బిడ్డ వెన్ను బాగున్నదని స్కానింగులో తేలింది. ఆ కబురు చెబితే వదిన ఫోన్ పట్టుకొని ఊరికే ఏడ్చింది. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు.

కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని స్వప్నను రానివ్వలేదు. "బాపూ, ఫోన్లనన్న పెద్దమ్మను చూపియ్యి" అని బతిమాలింది. పెద్దలు దానికీ ఒప్పుకోలేదు. మరో ఇద్దరు కోడళ్లూ అదే కారణంతో ఇళ్లలోనే ఉండిపోయారు.

ఎవరి కోసం వదిన ఇల్లిల్లూ తిరిగిందో, వాళ్లెవరూ లేకుండానే ఆమెను సాగనంపాం. ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతున్నాను. తన కడుపుకోత చెప్పుకొని పరాయి బిడ్డ వెన్ను కాచే మనిషి మాలో ఇంకొకరు లేరు.