గ్రిజ్లీకి వదిలేసిన మాంసం

ఆ ఏడాది మా కాలేజీలో ఎటు తిరిగినా తెలుగే వినిపించేది. అది కెనడాలోని ఆల్బర్టాలో కొండల అంచున ఉన్న చిన్న ఊరు. అద్దె గదులన్నీ నిండిపోవడంతో నలుగురం అమ్మాయిలం ఒక ఆంటీ గారి బేస్‌మెంట్‌లో సర్దుకున్నాం. ఆంటీది కరీంనగర్ వైపు. ఆసుపత్రిలో నర్సు, వయసు యాభై దాటింది. తోటి నర్సుల దగ్గర వేట నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఏటా చలి మొదలయ్యే ముందు ఒక ఎల్క్‌ను కొట్టేది. ఎల్క్ అంటే గుర్రమంత ఉండే దుప్పి. ఒకటి దొరికితే ఆ ఇంటికి ఏడాదంతా మాంసమే.

గ్రిజ్లీలు, అంటే అక్కడి పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లు, తిరిగే చోటికి ఒంటరిగా పోకూడదని ఆంటీ నియమం. ఎప్పుడూ తోడు వచ్చే స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ కావడంతో నన్ను అడిగింది. "తుపాకీ నువ్వు ముట్టుకునే పని లేదు. కొంచెం మోస్తే చాలు." నేను ఆ వారమంతా క్లాసులయ్యాక గోదాములో పెట్టెలు ఎత్తి అలసి ఉన్నాను. కాదనడానికి కూడా ఓపిక లేక సరేనన్నాను.

ట్రక్కు దిగగానే బేర్ స్ప్రే, అంటే మీదికొచ్చే ఎలుగుబంటి ముఖాన కొట్టే కారపు మందు డబ్బా, చేతికిచ్చింది. నేను బ్యాగులో పెట్టబోతే ఆపింది.

"అందుల వద్దు బిడ్డా. ఛాతీ మీద కట్టుకో. నువ్వు జిప్ తీసేదాకా ఎలుగుబంటి ఆగుతదా?"

గంటన్నర నడిచాక, పొద్దున తొమ్మిది ప్రాంతంలో ఒకే గుండుతో ఎల్క్ పడిపోయింది. అసలు భయం అప్పుడే మొదలవుతుందని ఆంటీ చెప్పింది. నెత్తురు వాసన గాలిలో ఎంత దూరమైనా పోతుందట. అందుకే చేతులు ఆగకుండా కోసింది. మధ్యమధ్య తలెత్తి చెట్ల వైపు చూసింది, మనుషులున్నారని ఎలుగుబంట్లకు తెలిసేలా పెద్దగా మాట్లాడుతూనే ఉంది. ముందు కాళ్లు, వీపు మాంసం మొదటి విడతలో మోసుకుపోవాలి. వెనక తొడలు రెండూ తర్వాత.

"ఆ తొడలను పేగుల దగ్గర ఉంచొద్దు. అదిగో, ఆ ఖాళీ జాగల దుంగ పడి ఉంది చూడు, దాని మీద పెట్టు. మళ్లీ వచ్చేటప్పుడు దూరం నుంచే కనపడాలె."

దుంగ వంద అడుగుల పైనే ఉంది. గుడ్డ సంచుల్లో కట్టిన తొడలను టార్పాలిన్ మీద వేసి ఈడ్చాను. ముప్పై అడుగులు పోయేసరికి నడుము పట్టేసింది. చేతుల్లో బలం లేదు. ఒక పొద వెనక వాటిని వదిలేసి తిరిగొచ్చాను.

"పెట్టినవా?" ఆంటీ తల ఎత్తకుండానే అడిగింది.

"పెట్టాను ఆంటీ."

ట్రక్కు దాకా పోయి మొదటి బరువు దించి, మళ్లీ కొండ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్లు నావి కానట్టు ఉన్నాయి. గట్టు మీద ఆగి ఆంటీ బైనాక్యులర్స్‌లో చూసింది.

"దుంగ మీద ఏం లేదు."

ఇక చెప్పక తప్పలేదు. "అక్కడ పెట్టలేదు ఆంటీ. ఈడ్వలేక ఆ పొద వెనక వదిలేశాను."

ఆమె బైనాక్యులర్స్ దించి నన్ను చూసింది. "కనపడని దాని దగ్గరికి పోవద్దు," అని మాత్రం చెప్పి, పక్క గట్టు మీదుగా చుట్టూ తిప్పి తీసుకుపోయింది. ఇద్దరం గట్టిగా అరుస్తూ నడిచాం. అక్కడి నుంచి పొద అవతలి వైపు కనిపించింది. తొడలున్న చోట మట్టి, గడ్డి, ఆకులు కుప్పగా పోసి ఉన్నాయి. తనదనుకున్న మాంసాన్ని గ్రిజ్లీ అలాగే కప్పి దాచుకుంటుందట. గుడ్డ సంచి అంచు ఒకటి బయటికి వేలాడుతోంది.

కుప్ప పక్కన పడుకున్న గ్రిజ్లీ లేచింది. మమ్మల్ని చూసి, తల దించి, నేరుగా పరుగెత్తుకొచ్చింది.

"ఉరకకు. నా పక్కనే ఉండు," అంది ఆంటీ. ఆమె స్ప్రే అప్పటికే చేతిలో ఉంది. నేను నాది తీశాను. "ఇంకా కొట్టకు. దగ్గరికి రానీ."

ఇరవై ముప్పై అడుగుల దూరంలో అది ఆగింది. దవడలు టకటకమన్నాయి. ఊపిరి బుసగా వినిపించింది. ఆంటీ మామూలు గొంతుతో దానితో మాట్లాడింది. "సరే, నీదే, మేం పోతున్నం." ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. అది మమ్మల్నే చూస్తూ కాసేపు నిలబడి, కుప్ప దగ్గరికి వెళ్లిపోయింది.

ట్రక్కులో కూర్చున్నాక ఇద్దరిలో ఎవరికీ బూట్లు విప్పే శక్తి లేదు. ఆంటీ వన్యప్రాణి అధికారులకు ఫోన్ చేసి చోటు చెప్పింది. ఆ దారి కొన్నాళ్లు మూసేస్తామన్నారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"అలసిపోయిన అని ఒక్క మాట చెప్తే నేను పెట్టేదాన్ని గద."

"చెప్పడానికి సిగ్గేసింది ఆంటీ."

"డబుల్ షిఫ్టుల్ల నేను గూడ పేషెంటును చూడకుండనే చూసిన అని చెప్పిన రోజులున్నయి. ఎవరికీ ఏం కాలేదు గని, ఇప్పటికీ యాదికొస్తయి."

సోమవారం గోదాములో సూపర్‌వైజర్ ఇంకో షిఫ్టు చేస్తావా అని అడిగాడు. అలసిపోయాను, చేయలేను అన్నాను. అతను సరే అని పక్క అమ్మాయిని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. నేను బస్సెక్కి ఇంటికి వచ్చి, పగటి వెలుగు ఉండగానే పడుకున్నాను.