మొక్కు మధ్యలో వ్యాన్

బృందంగా సైకిళ్ళ మీద హైదరాబాద్ నుంచి కాకినాడ వెళ్తున్నాం. రెడ్డిగూడెం దాటాక కొండదారిలో మావాళ్ళంతా ముందెళ్ళిపోయారు. నేను ఒక మామిడితోట పక్కన సైకిల్ పడేసి, వెనకాల వచ్చే మా వ్యాన్ కోసం కూర్చున్నాను. అలిసిపోయినవాళ్ళని ఎక్కించుకోవడానికే అది వస్తుంది. అప్పటిదాకా నేను దాన్ని ఎక్కలేదు. ఆ పరువు ఇక్కడితో సరి అనుకున్నాను.

తోటలో రాలిన కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"అందరూ ఒకే రంగు బట్టల్లో పోతున్నారు. మొక్కాండీ?"

ఇంత ఎండలో సరదాకి కొండెక్కుతున్నామని చెప్పడానికి నాకే సిగ్గేసింది. "అవునండీ, మొక్కే" అన్నాను.

ఆవిడ వెంటనే చెప్పులు విడిచి నాకు దణ్ణం పెట్టింది. తాగడానికి నీళ్ళిచ్చింది. పండిన రసాలు నాలుగు సంచిలో వేసి హ్యాండిల్‌కి తగిలించింది.

అంతలో వ్యాన్ వచ్చింది. నేను లేచి అటు నడవగానే ఆవిడ అడ్డం నిలబడింది.

"మొక్కు మధ్యలో బండెక్కుతారా? అరిష్టం కాదూ! ఎక్కండి సైకిలు!"

డ్రైవర్ నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద వాలిపోయాడు. చచ్చినట్టు సైకిలెక్కాను. పాపం, ఆవిడ సీటు పట్టుకుని కొంత దూరం తోసింది కూడా.

కాస్త ముందుకెళ్ళానో లేదో, వెనక ఆవిడ గొంతు వినపడింది. "ఇంతకీ ఆయన మొక్కేంటి బాబూ?"

"పొట్ట తగ్గాలనండి" అన్నాడు డ్రైవర్.

"ఏవండోయ్, ఆగండి! ఆ రసాలు ఇటిచ్చి వెళ్ళండి!"

నేను ఆగితేనా! సంచితో సహా కొండ మీదే తేలాను.