గోడ అవతలికి ఒరిగిన నందివర్ధనం

ఉదయం ఐదూ నలభైకి పక్కింటావిడ ఎప్పటిలాగే పూలసజ్జతో గోడ దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆమె చేతికి అందేలా ఒక్క కొమ్మ కూడా లేదు.

హైదరాబాద్ చైతన్యపురిలో మా నందివర్ధనం మేడ నీడ తప్పించుకుని ఎండ కోసం వాళ్ల వైపు ఒరిగింది. నా భార్య దాన్ని నిటారు చేయలేదు. పడిపోకుండా కర్ర పాతి, పాత చీర అంచు చింపి వదులుగా కట్టేది. ఏటా వానలకు ముందు ముడి విప్పి, కాండం లావెక్కినంత మేర వదిలి మళ్లీ కట్టేది. గోడ దాటిన పూలు పక్కింటివి.

"నీళ్లు పోసేది నేనూ, పుణ్యం మీకూనా వదినా?" అనేది నా భార్య.

"సగం నీ పేర్న మొక్కుతున్న తియ్యి వదినా," అనేది ఆవిడ.

మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం. వాళ్లది నల్గొండ వైపు. తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో, కాలనీలోని మా జిల్లా పెద్దమనిషి సలహా చెప్పాడు: "గోడ దాటిన కొమ్మ కూడా రేపు గొడవేనండీ. లోపలికి లాగి కట్టేయండి."

నా భార్య అప్పుడు ఆసుపత్రిలో ఉంది. చెట్టును లాగి, కిటికీ ఊచలకు ఇనుప తీగతో బిగించాను. ఆ మర్నాడే ఆవిడ ఖాళీ సజ్జతో నిలబడింది.

"ఏందన్నా, చెట్టుకు గూడ సరిహద్దు గీసినవా?" అంది నవ్వుతూనే.

చీడ పట్టిందని అబద్ధం చెప్పాను. ఆమె నమ్మలేదు. "వదినకు ఎట్లున్నది?" అని అడిగి వెళ్లిపోయింది.

నా భార్య ఆసుపత్రి నుంచి చెల్లెలింటికి వెళ్లి, మూడు నెలలకు ఇల్లు చేరింది. అప్పటికే, గాలికి ఊగినప్పుడల్లా తీగ బెరడును కోసి లోపలికి దిగింది. ఆకులు పసుపెక్కాయి. "అది ఒరిగింది వాళ్ల వైపు. లాగడానికి మీరెవరండీ?" అంది. తీగ విప్పి గుడ్డ కట్టింది. మళ్లీ అటు పూస్తే చూడాలని రోజూ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేది. చెట్టు ఎండిపోయింది. వానలు రాకముందే ఆమె కూడా పోయింది.

పక్కింటావిడ బజారులో కొన్న చేమంతులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టింది. "మన చెట్టు పూలు లేకపాయె వదినా," అని ఏడ్చింది.

సలహా ఇచ్చినాయన కూడా వచ్చాడు. రోజులు బాగాలేవన్నాడు. ఆయన్ని గేటు బయటికి గెంటాలనిపించింది. కానీ తీగ బిగించిన చేతులు నావి. తప్పును ఆ రోజుల మీదికి నెట్టడానికి నాకు ఏ దారీ లేదు. మా ఇంటి మీద ఒక్క రాయి కూడా పడలేదు.

మా గోడ దగ్గర ఇప్పుడు ఎవరూ పూలు కోసుకోవడం లేదు.